పిడికెడు పప్పు మీద పంచాయితీ

నందిగాం దాటి పలాస వైపు వెళ్తుంటే హైవే పక్కన జీడిపప్పు కొట్లు కనిపిస్తాయి. డయాలసిస్‌కి వెళ్లే ఆటోలు తిరిగేదీ ఆ దారినే. కొట్టు ముందు ఆగే కారులో వాళ్లు పప్పు బలమని కొంటారు. ఆటోలో వాళ్లకి ఆ పప్పు ముట్టొద్దని వైద్యులు చెప్పి ఉంటారు. ఇద్దరూ విన్నది సరైన మాటే కావడం ఈ ఉద్దానం ప్రాంతపు చిక్కు.

కింద మాట్లాడే ఇద్దరూ నా కల్పన. ఒకాయన జీడితోట రైతు, రోడ్డు మీద చిన్న పప్పు కొట్టు కూడా నడుపుతాడు. రెండో మనిషి ఆయన మేనకోడలు, డయాలసిస్ కేంద్రంలో టెక్నీషియన్. మనుషులు కల్పితులే గానీ, వాళ్లు చెప్పుకునే అంకెలూ వైద్యమూ కల్పితం కాదు.

మావయ్య: ఏటే అమ్మీ, మీ సెంటర్ గోడ మీద ఆ బొమ్మేటి? అరటిపండు, కొబ్బరి బొండాం, జీడిపప్పు. మూడింటి మీదా ఎర్ర గీత. ఉద్దానం బతికేదే కొబ్బరి మీదా జీడి మీదా గదా. మా పంట మీదే గీత కొట్టడానికి మీకు చేతులెలా వచ్చాయి?

మేనకోడలు: పంట సంగతి నాకు తెల్దా మావయ్యా? ఆ బొమ్మ మంచం మీద ఉన్న మనిషి కోసం పెట్టింది. నీ కిడ్నీ బాగుంటే తిన్న పొటాషియం ఎక్కువైనా మూత్రంలో పోసేస్తావు. కిడ్నీ పోయినవాడికి అది రక్తంలోనే నిలిచిపోతాది. మోతాదు దాటితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. నొప్పి గానీ జ్వరం గానీ ముందు రావాలనేమీ లేదు. వారానికి రెండుసార్లో మూడుసార్లో, నాలుగేసి గంటలు మెషీన్ మీద పెట్టి మేం తీసేది ఆ చెత్తనే. మధ్య రోజుల్లో వాళ్ల నోరే వాళ్లకి కాపలా.

మావయ్య: మరి ఆ బొమ్మని జబ్బు లేనోళ్లు కూడా చూస్తన్నారు. మా వీధిలో గుంటల తల్లులు జీడిపప్పు పెట్టడం మానేసారు. ఉద్దానం వాళ్లకి ఇది పడదంట. జీడి తినే కిడ్నీలు పోతన్నాయని ఒకడు నా కొట్టు ముందే నిలబడి చెప్పాడు, పావుకిలో బేరమాడి మరీ.

మేనకోడలు: అది మాత్రం శుద్ధ తప్పు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస వైపు ఈ కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ తేలలేదు. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, భారలోహాలన్నారు, నొప్పి మాత్రలన్నారు, వంశంలోనే ఉందన్నారు. ఎండలో నీళ్లు తాగకుండా చేసే కాయకష్టం అన్నారు. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఊళ్లు తిరిగి రక్తాలు తీసి పరీక్షించారు. ఇదొక్కటే కారణమని దేన్నీ తేల్చలేకపోయారు. జీడిపప్పు వల్ల అని ఎవరూ చూపించలేదు. శ్రీలంకలో అనురాధపురం వైపు వరి రైతులకీ, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరుకు కూలీలకీ ఇలాంటి జబ్బే ఉంది. అక్కడా ఇక్కడా కనబడేది ఎండలో వంచిన నడుమే.

మావయ్య: అదీ మాట. మరి బొమ్మ చింపెయ్.

మేనకోడలు: చింపను. "డయాలసిస్ వాళ్లకు మాత్రమే" అని కింద పెద్ద అక్షరాల్లో రాయమని మా వాళ్లకి చెప్తాను.

మావయ్య: ఆగు, వాళ్ల విషయంలోనైనా మీ లెక్క సరైందేనా? మనవడి చేత ఫోన్లో చూపించుకున్నాను. వంద గ్రాముల జీడిపప్పులో పొటాషియం 660 మిల్లీగ్రాములు. వంద గ్రాముల కందిపప్పులో 1,300 దాటుతాది. రోజూ పప్పన్నం తినే మనిషికి కందిపప్పు మీద లేని గీత జీడిపప్పు మీద ఎందుకు?

మేనకోడలు: కందిపప్పుని నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, ఉడికించి మళ్లీ వార్చేస్తే కొంత పొటాషియం నీళ్లతో పోతాది. మా పేషెంట్లకి కూరగాయలు కూడా అలాగే వండమంటాం. జీడిపప్పుని వార్చుకుని ఎవడు తింటాడు? నేతిలో వేయించుకునేదాయె. అయినా నీ లెక్కలో నిజముంది. ముప్పై గ్రాములు, అంటే పద్దెనిమిదో ఇరవయ్యో పలుకులు, పొటాషియం 200 మిల్లీగ్రాములు. గ్లాసుడు కొబ్బరినీళ్లలో 600 దాకా ఉంటాది. డయాలసిస్ మనిషికి రోజంతా కలిపి రెండువేలకి అటూ ఇటూ అంటారు. అంటే భయపడాల్సింది ముందు బొండానికి. ఎండన పడి వచ్చినవాడికి బొండాం కొట్టివ్వడం మన మర్యాద గదా, చావొచ్చేది ఆ మర్యాదలోంచే.

మావయ్య: రెండువేలలో రెండొందలు. పదో వంతు. దానికింత గోలా?

మేనకోడలు: మిగతా తొమ్మిది వంతులూ అన్నం, కూర, పాలతోనే నిండిపోతాయి మావయ్యా. పైగా ఇరవై పలుకులు లెక్కపెట్టి డబ్బా మూత పెట్టేసినవాణ్ణి నువ్వెప్పుడైనా చూసావా? నువ్వు పెడతావా?

మావయ్య: నేనా! నాకు షుగరు లేదు, బీపీ లేదు, నడుం వంచి పని చేస్తన్నాను. నాకేటి?

మేనకోడలు: నాకు భయం వేసేది ఆ మాటకే. మామూలుగా కిడ్నీ జబ్బు షుగరు వెంటో బీపీ వెంటో వస్తాది. మన దగ్గరిది అలా కాదు, ఏదీ లేనివాడికే వస్తాది. కాళ్లు వాయవు, మూత్రంలో ప్రొటీనూ పెద్దగా పోదు. రక్తంలో క్రియాటినిన్ పెరిగిందని కాగితం మీద కనబడేసరికి సగం కిడ్నీ పోయి ఉంటాది. "నాకేటి" అన్నవాళ్లే మా మంచాల మీద ఉన్నారు. ఏడాదికోసారి రక్తం ఇచ్చి, ఆ తర్వాత ఎంత తింటావో తిను. పరీక్ష లేకుండా ఇది బలం, ఇది విషం అని చెప్పడానికి నీకూ హక్కు లేదు, నాకూ లేదు.

మావయ్య: ఆ బొమ్మ పక్కన ఇంకో కాగితం ఉంది. "ఫాస్ఫరస్ ఉన్న గింజలు మానండి" అని. దానికేం చెప్తావ్?

మేనకోడలు: ఇక్కడ మాత్రం నీ వైపుకి వస్తాను. గింజలో ఫాస్ఫరస్ ఉన్నమాట నిజమే, జీడిపప్పులో వందకి 590 మిల్లీగ్రాములకి పైనే. కానీ అందులో ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో ఉంటాది. మొలక వచ్చేటప్పుడు వాడుకోడానికి గింజ దాచుకున్న మూట అది. దాన్ని విప్పే ఎంజైము మన పేగుల్లో లేదనే చెప్పాలి. అందుకని సగం లోపే ఒంటికి పడతాది. అదే నల్లటి కూల్‌డ్రింకులోనో, ప్యాకెట్ మాంసంలోనో కలిపిన ఫాస్ఫేట్ అయితే దాదాపు అంతా రక్తంలోకి వెళ్లిపోతాది. 2020లో అమెరికా కిడ్నీ వైద్యులు ఆహార సూచనలు మార్చినప్పుడు ఫాస్ఫరస్ ఎంత అన్నదే కాకుండా ఎక్కణ్ణించి వచ్చింది అన్నదీ చూడమన్నారు.

(రచయితగా ఇక్కడ ఒక మాట కలుపుతాను. పనసపిక్క కూర మానేసి, డయాలసిస్ అయ్యాక బస్టాండులో చల్లటి కూల్‌డ్రింకు తాగే మనిషిని ఊహించుకోవడం కష్టం కాదు. గోడ మీది కాగితాల్లో పనసపిక్క ఉంటుంది, సీసా ఉండదు. ఇంట్లో వండుకునేదాన్ని నిషేధించినంత సులువుగా కంపెనీ సరుకుని నిషేధించలేకపోవడం మన ఆరోగ్య ప్రచారాలకి పాత జబ్బు.)

మావయ్య: ఈ నాలుగు మాటలు గోడ మీద రాయొచ్చు గదా.

మేనకోడలు: రాస్తే ఆక్సలేట్ గురించి కూడా రాయాలి. జీడిపప్పులోనూ బాదంలోనూ అది బాగానే ఉంటాది. ఎక్కువైతే కాల్షియంతో కలిసి స్ఫటికాలు కట్టి కిడ్నీ గొట్టాల్లో కూర్చుంటాది. అప్పటికే కిడ్నీ తగ్గిన మనిషొకడు జీడిపప్పు అతిగా తిని ఇంకా దెబ్బతిన్న కేసు కెనడా వైద్యుల సంఘం పత్రికలో వచ్చింది.

మావయ్య: ఒక్కడు గదా. వాడూ అతిగా తిన్నాడు. మనోళ్లు తినేదెంత? పెళ్లిలో పులావులో నాలుగు పలుకులు.

మేనకోడలు: కూలీలకి నాలుగు పలుకులే, ఒప్పుకుంటాను. తోటలున్నోళ్లకీ కొట్టున్నోళ్లకీ నాలుగు కాదు. వేసవిలో పచ్చి జీడిపప్పు కూర ఎన్ని పూటలు ఉంటాదో మీ ఇంట్లో నాకు తెల్దా? అదే వేసవిలో నువ్వు తోటలో పొద్దంతా చెమట కార్చి, మధ్యాహ్నం దాకా మంచినీళ్లు ముట్టవు. ఒంట్లో నీరు తగ్గినకొద్దీ స్ఫటికాలు కట్టడం సులువవుతాది. ఉద్దానం జబ్బుకి ఆక్సలేటే మూలమని నేననను, ఎవరూ తేల్చలేదు. పచ్చిపప్పు తిన్న పూట పెరుగన్నం కూడా తిను, నీళ్లు తాగు, అంతే అంటాను. పెరుగులో కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ని పట్టి బయటికి పంపేస్తాది.

మావయ్య: ఇవన్నీ జబ్బు మాటలే. బలం మాట ఒక్కటీ రాదేటే నీ నోట? 2024లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు చెప్పలేదా, మనిషికి రోజుకి 35 గ్రాముల గింజలూ పలుకులూ ఉండాలని?

మేనకోడలు: చెప్పారు. రెండువేల కేలరీలు తినే మనిషి పళ్లేనికి ఆ లెక్క. కానీ ఆ 35 గ్రాముల్లో వేరుశనగుంది, నువ్వులున్నాయి, అవిసెలున్నాయి. జీడిపప్పు 35 గ్రాములని ఎక్కడా లేదు. స్పెయిన్‌లో పెద్ద పరీక్ష చేసారు, 2013లో బయటపెట్టి, తప్పులు దిద్ది 2018లో మళ్లీ అచ్చు వేసారు. రోజుకి 30 గ్రాముల పలుకులు తిన్నవాళ్లకి గుండెపోటు, పక్షవాతం లాంటివి దాదాపు ముప్పై శాతం తగ్గాయి. ఆ ముప్పైలో వాల్‌నట్, బాదం, హేజెల్‌నట్ ఉన్నాయి. మన జీడి లేదు. అమెరికా ఆహార సంస్థ 2003లో "గుండెకి మంచిది కావచ్చు" అని ప్యాకెట్ మీద రాసుకోనిచ్చిన పలుకుల జాబితాలోనూ జీడికి చోటివ్వలేదు, గట్టికొవ్వు ఎక్కువని.

మావయ్య: వాళ్ల బాదం అమ్ముకోవాలి గదా మరి!

మేనకోడలు: ఆ అనుమానం నాకూ ఉంది. అందుకే చెన్నై సంగతి కూడా విను. 2018లో మద్రాస్ డయాబెటిస్ పరిశోధన సంస్థ వాళ్లు షుగరున్న 300 మందిని తీసుకుని, సగం మందికి పన్నెండు వారాలు రోజూ 30 గ్రాముల జీడిపప్పు పెట్టారు. పై బీపీ కొంచెం తగ్గింది, మంచి కొలెస్ట్రాల్ కొంచెం పెరిగింది. బరువు పెరగలేదు, షుగరు పెరగలేదు. అది మనలాంటి తిండి తినేవాళ్ల మీద చేసిన పని. ఉప్పూ మసాలా లేని పప్పు, అది గుర్తుంచుకో. నీ కొట్టులో ఎక్కువ పోయేది ఏది?

మావయ్య: మసాలా పప్పు.

మేనకోడలు: మామూలు పప్పులో వందకి పన్నెండు మిల్లీగ్రాముల సోడియం. ఉప్పేసి వేయిస్తే రకాన్ని బట్టి ఆరువందలు కూడా దాటుతాది. కిడ్నీకీ బీపీకీ గింజ కన్నా ఆ ఉప్పే పెద్ద శత్రువు.

మావయ్య: సరే, ఉప్పు నా పాపమే. పిక్క తప్పేటుంది?

మేనకోడలు: పిక్క తప్పు అడుగుతున్నావు గనక మా అమ్మ చేతులు చూడు. నీ అక్కే గదా. పెళ్లికి ముందూ తర్వాతా జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టింది. పెంకులో ఉండే జీడి నూనె చర్మాన్ని కాల్చేస్తాది. చేతులకి నూనె రాసుకున్నా, బూడిద పులుముకున్నా వేళ్ల సందుల్లోకి దిగిపోయేది. ఆ చేతుల్తో మాకు అన్నం కలపడానికి సిగ్గుపడేది. ఇప్పుడు కోసే మెషీన్లు వచ్చాయంటావు, ఆవిరి మీద ఉడికిస్తన్నారంటావు. నిజమే, తగ్గింది. పోలేదు. పిక్కల్ని కాల్చే చోట పొగ ఇప్పటికీ కళ్లకీ ఊపిరికీ మంటే.

మావయ్య: అది తినడం వల్ల వచ్చింది కాదు గదే.

మేనకోడలు: పెంకు ముక్క పప్పులో కలిస్తే తినడం వల్లా వస్తాది. 1982లో అమెరికా పెన్సిల్వేనియాలో పిల్లల బేస్‌బాల్ జట్ల కోసం చందాగా జీడిపప్పు ప్యాకెట్లు అమ్మారు. మొజాంబిక్ నుంచి వచ్చిన సరుకు, పెంకు ముక్కలు సరిగ్గా ఏరలేదు. తిన్నవాళ్లలో 54 మందికి ఒళ్లంతా దద్దుర్లు, కొందరికి నోట్లో పొక్కులు. అంటే పెంకు ఏరే ఆడమనిషి కళ్లు ఒక్క నిమిషం అలిసిపోతే ఆ దెబ్బ సముద్రాలు దాటి తగుల్తాది. ఆ కళ్లకి మీరిచ్చే కూలెంత?

మావయ్య: పలాస, కాశీబుగ్గల్లో ఉన్న రెండొందల పైచిలుకు ఫ్యాక్టరీల కూలి లెక్క నన్నడుగుతావేటి? నాకు ధరే లేదు. ఎనభై కిలోల బస్తాకి పదహారు వేలు ఇప్పించమని రోడ్డెక్కాం. ఆఫ్రికా పిక్కలు దిగితే మా పిక్క అడిగేవాడు లేడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తోటలకి తోటలు పడగొట్టేసింది. జీడి మొక్క కాపుకి రావాలంటే మూడు నాలుగేళ్లు, నిండు కాపుకి ఇంకా ఎక్కువ. కొబ్బరి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇప్పుడిప్పుడే కాపు చూస్తన్న చెట్టు మీద మీరు ఎర్ర గీత కొడితే నాకు కడుపు మండదా?

మేనకోడలు: అదిగో, ఇంతసేపూ ఆరోగ్యం మాటాడావు గానీ, నీ నొప్పి ధర దగ్గరుంది.

మావయ్య: ధర లేకపోతే నా ఆరోగ్యం ఎవడు చూస్తాడే?

మేనకోడలు: సరే. పిక్కలు కొట్టినోళ్లూ పొట్టు తీసినోళ్లూ ఆ పప్పు ఎంత తింటన్నారో కూడా చెప్పు. కేంద్రం సర్వే ప్రకారం, 2019–21లో, మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడోళ్లలో 58.8 శాతానికి రక్తహీనత. ఐరను కావాల్సింది వాళ్లకి. జీడిపప్పులో వందకి ఆరేడు మిల్లీగ్రాముల ఐరనుంది. నువ్వుల్లో దానికి రెట్టింపు, కాల్షియం అయితే పొట్టు తియ్యని నువ్వుల్లో వందకి తొమ్మిదివందల పైన. ఫైటేట్ అడ్డం పడతాది గనక దాంట్లో కొంతే ఒంటికి దక్కుతాది. వేయించి, తినేటప్పుడు ఓ నిమ్మచెక్కో ఉసిరికాయో ఉంటే నయం. ఫ్యాక్టరీ ఆడోళ్లకి నేను చెప్పేది చిమ్మిలి ఉండే. పప్పు వాళ్లు కొనలేరు.

మావయ్య: నువ్వులకి మాత్రం దోషాల్లేవా? ఆ జాబితా చదవవేం?

మేనకోడలు: ఉన్నాయి. నువ్వులు పడనివాళ్లుంటారు, తింటే గొంతు వాచి ఊపిరందదు. జీడిపప్పుకీ వేరుశనగకీ అలాంటివాళ్లున్నారు. ఒకప్పుడు పసిపిల్లలకి పెట్టొద్దనేవారు. 2015లో లండన్‌లో చేసిన పరీక్షలో ఏడాదిలోపే వేరుశనగ అలవాటు చేసిన పిల్లల్లో ఆ ఎలర్జీ ఎనభై శాతం తగ్గింది. ముద్దగా నూరి పెట్టాలి గానీ పలుకుగా ఇవ్వకూడదు. నాలుగైదేళ్ల లోపు గుంటలు పలుకు మింగబోతే ఊపిరితిత్తిలో పడొచ్చు. పెళ్లిళ్లలో వేరుశనగలు గుప్పిట్లో పోసి వదిలేస్తారు, నాకు ఒళ్లు జలదరిస్తాది.

మావయ్య: మా మనవడు విశాఖలో చియా గింజలంట, పొడిగా నోట్లో పోసుకుని నీళ్లు తాగుతాడు.

మేనకోడలు: నానబెట్టి తాగమను. అది గొంతులోనే ఉబ్బి అడ్డం పడిన కేసులున్నాయి. చియా దొరక్కపోతే సబ్జా చాలు. ఇంకొకటి మావయ్యా, తుపాను తర్వాత తడిసిన బస్తాలు ఏం చేసారు?

మావయ్య: ఎండబెట్టాం.

మేనకోడలు: తర్వాత?

మావయ్య: తక్కువ రేటుకి పోయాయి. బూజు పట్టినవి వేరే ఏరి, వేయించి ముక్కగా…

మేనకోడలు: ఆ బూజే అన్నిట్లోకీ చెడ్డది. వేరుశనగలో, మొక్కజొన్నలో, తడిసిన ఏ గింజలోనైనా పడతాది. దాంట్లో ఉండే అఫ్లటాక్సిన్ కాలేయం మీద పడతాది, ఏళ్ల తరబడి తింటే క్యాన్సర్. 1974లో గుజరాత్, రాజస్థాన్ సరిహద్దు పల్లెల్లో బూజు మొక్కజొన్న తిని వందమంది దాకా పోయారు. వేయించితే పూర్తిగా పోదు. రుచి తేడా తెలిస్తే ఉమ్మెయ్యాలి. మసాలా వేస్తే ఆ తేడా కూడా తెలీదు. నీ కొట్టులో మసాలా ముక్క ఎక్కడిది?

మావయ్య: …ఇక మీద బూజుది అమ్మను. పారబోస్తాను.

మేనకోడలు: ఒట్టేనా?

మావయ్య: పిక్క మీద ఒట్టు. ఇంక వదులు.

మేనకోడలు: కొట్టు ముందు ఫ్లెక్సీ ఉంది గదా. "గుండెకు, మెదడుకు, కిడ్నీకి బలం" అని. అది తీసెయ్.

మావయ్య: కిడ్నీ మాట తీసేస్తాను. మెదడూ తీసేస్తాను, దానికి నువ్వెలాగూ ఏదో చెప్తావు. గుండె ఉండనీ. చెన్నై వాళ్లు చెప్పారన్నావుగా.

మేనకోడలు: ఉంచు. పక్కన "ఉప్పు లేనిది, రోజుకి ముప్పై గ్రాములు" అని కూడా రాయించు.

మావయ్య: ముప్పై గ్రాములని రాస్తే కిలో ఎవడు కొంటాడే?

మేనకోడలు: నెల రోజులకి కిలో దగ్గర పడదా? లెక్కెయ్యి.

మావయ్య: ఇంట్లో ఒక్కడే తింటేనా! నలుగురుంటే నాలుగు కిలోలు… అయితే రాయిస్తాను. ముప్పై గ్రాములని పెద్ద అక్షరాల్లోనే రాయిస్తాను.

మేనకోడలు: రాయించే ముందు రక్తం ఇచ్చి రా. మంగళవారం నేనే డ్యూటీలో ఉంటాను.

మావయ్య: మంగళవారం సంత.

మేనకోడలు: బుధవారం?